ఫ్రీ లవ్ సరే, బిడ్డను ఎవరు సాకాలి? హిప్పీలు కట్టుకున్న ఊరి కథ

ఈ ఎపిసోడ్ హిప్పీల గురించి. కొంచెం లాంగ్ ఎపిసోడే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. సెక్స్ గురించి కూడా మాట్లాడతాం కాబట్టి పక్కన అమ్మా నాన్నా ఉంటే మీ ఇష్టం.

అరవైల్లో అమెరికా కుర్రాళ్లు కొత్త సమాజం కట్టాలనుకున్నారు, స్వేచ్ఛ, ధ్యానం, కమ్యూన్... అనగానే అందరికీ గుర్తొచ్చేది నెట్‌ఫ్లిక్స్‌లో 2018లో వచ్చిన వైల్డ్ వైల్డ్ కంట్రీ. ఓరెగాన్‌లో రజనీష్‌పురం. అది చూసినవాళ్లకి తేల్చుకోవడం చాలా ఈజీ. సలాడ్‌లో బ్యాక్టీరియా కలిపారు, ఫోన్లు ట్యాప్ చేశారు, అరెస్టులయ్యాయి. “ఇలాంటివన్నీ చివరికి ఇంతే” అనేసి ఫోన్ పక్కన పెట్టి పడుకోవచ్చు.

అందుకే నేను ఇంకో ఊరు తీసుకున్నా. ఇక్కడ విషప్రయోగాలు లేవు, రోల్స్ రాయిస్‌లు లేవు. మంచివాళ్లు, కష్టపడేవాళ్లు, నిజంగా నమ్మినవాళ్లు. పన్నెండేళ్లు డబ్బంతా ఒకే సంచిలో వేసుకుని బతికారు. ఆ ఊరి పేరు ద ఫార్మ్. టెనెసీ రాష్ట్రంలో సమ్మర్‌టౌన్ దగ్గర ఉంది. ఇప్పటికీ ఉంది. నాకు ఈ కథలో ఒక్కటే ప్రశ్న. స్వేచ్ఛ అన్నాక, ప్రేమకి హద్దుల్లేవన్నాక, పుట్టిన బిడ్డను ఎవరు సాకాలి? అన్నం ఎవరు వండాలి? ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టాలి?

ముందు కొంచెం వెనక్కి, శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్దాం. 1967 జనవరి 14, గోల్డెన్ గేట్ పార్క్. హ్యూమన్ బీ-ఇన్ అని ఒక సభ. సభ అంటే ఎజెండా ఏం లేదు, వేల మంది వచ్చి కూర్చున్నారు, పాటలు, మంత్రాలు, ఎల్ఎస్‌డీ. ఆ వేసవికి ఆ పార్కు పక్కనే ఉన్న హైట్-ఆష్‌బరీ అనే పేటకి దేశం నలుమూలల నుంచి లక్ష మంది దాకా కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చి పడ్డారని లెక్క. సమ్మర్ ఆఫ్ లవ్ అంటే అదే.

ఎందుకు వచ్చారు? వియత్నాం యుద్ధం ఒక కారణం, డ్రాఫ్ట్ ఒక కారణం. ఇంకోటి, 1960లో గర్భనిరోధక మాత్రకి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. చరిత్రలో మొదటిసారి, సెక్స్ వేరు, పిల్లలు వేరు అని ఒక చిన్న మాత్ర చెప్పేసింది. కాకపోతే పెళ్లికాని అమ్మాయికి అది దొరకడం అంత తేలిక కాదు. పెళ్లికానివాళ్లకి కూడా గర్భనిరోధకాలు వాడే హక్కు ఉందని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1972లో. అబార్షన్ హక్కు 1973లో. ఈ డేట్లు గుర్తుపెట్టుకోండి. అంటే 1967లో విప్లవం వచ్చేసింది అని పాటలు పాడుకుంటున్నప్పుడు ఆ విప్లవానికి కావాల్సిన మందుల చీటీ ఇంకా చాలామంది అమ్మాయిల చేతికి రాలేదు.

ఆధ్యాత్మికం సంగతి తీసుకుంటే, చర్చి మీద నమ్మకం పోయింది కానీ వెతుకులాట పోలేదు. 1965లో అమెరికా ఇమిగ్రేషన్ చట్టం మారి మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి దారి తెరుచుకుంది. హరే కృష్ణ వాళ్లు 1967లో సరిగ్గా ఆ హైట్ పేటలోనే గుడి పెట్టారు. అంతకు చాలా ముందు నుంచే కాలిఫోర్నియాలో మన మదనపల్లె మనిషి ఒకాయన ఉన్నారు, జిడ్డు కృష్ణమూర్తి. తెలుగు ఇంట్లో పుట్టి, జగద్గురువు అని ప్రపంచమంతా కూర్చోబెడితే 1929లో ఆ సంస్థనే రద్దు చేసేసి, సత్యానికి ఏ గురువూ దారి చూపలేడు అన్నాయన. హిప్పీ కాలంలో ఆయన పుస్తకాలు బాగా తిరిగాయి. కామెడీ ఏంటంటే, గురువు వద్దు అన్న మనిషిని చదివిన తరమే గురువుల కోసం క్యూ కట్టింది. ఆయన మీద వేరే ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ ఆపేస్తా.

సరే, హైట్ పేటలో ఏమైంది? లక్ష మందికి ఇళ్లు లేవు, తిండి లేదు, మరుగుదొడ్లు లేవు. డిగ్గర్స్ అనే ఒక గ్రూప్ పార్కులో రోజూ ఉచితంగా భోజనం పెట్టింది. గొప్ప పని. ఆ గ్రూప్ గురించి రాసినవాళ్లంతా మగవాళ్ల మాటలు, నాటకాలు, కరపత్రాల గురించి రాశారు. ఆ కూర వండింది, కూరగాయలు అడిగి తెచ్చింది ఎక్కువగా ఆడవాళ్లు. జూన్‌లో డేవిడ్ స్మిత్ అనే యువ డాక్టరు అక్కడ ఫ్రీ క్లినిక్ తెరిస్తే జనం బారులు తీరారు. డ్రగ్స్ ఓవర్‌డోస్‌లు, సుఖరోగాలు. ఇళ్ల నుంచి పారిపోయి వచ్చిన టీనేజ్ అమ్మాయిల మీద అత్యాచారాలు జరిగాయి. ‘కాదు’ అంటే ‘నువ్వింకా పాతకాలం మనిషివి’ అనే ఒత్తిడి. జోన్ డిడియన్ అనే రచయిత్రి అప్పుడు అక్కడికి వెళ్లి, ఎల్ఎస్‌డీ ఇచ్చిన ఐదేళ్ల పాపను చూసి రాసింది. అదే సంవత్సరం అక్టోబర్ 6న ఆ పేటవాళ్లే ఒక శవపేటిక మోసుకుంటూ ‘హిప్పీ చచ్చిపోయాడు’ అని ఊరేగింపు తీశారు. వేసవి మొదలై నాలుగు నెలలు కూడా కాలేదు.

ఇక్కడి నుంచి అసలు కథ. ఆ ఊళ్లోనే శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో స్టీఫెన్ గాస్కిన్ అనే ఒక టీచర్ ఉండేవాడు. కుర్రాడేం కాదు, ముప్పై దాటినవాడు, కొరియా యుద్ధంలో మెరైన్ సైనికుడు. సోమవారం రాత్రుళ్లు క్లాస్ మొదలుపెట్టాడు. దాని పేరే మండే నైట్ క్లాస్. సిలబస్ ఏంటంటే జెన్, తంత్రం, క్రైస్తవ సాధువులు, ఎల్ఎస్‌డీలో ఏం కనిపించింది, దానికి అర్థం ఏంటి. ఒక డజను మందితో మొదలైంది, చివరికి ఒక పెద్ద డ్యాన్స్ హాలు అద్దెకి తీసుకుంటే వెయ్యికి పైగా వచ్చేవాళ్లు. 1970లో మతగురువులు కొందరు ఆయన్ని దేశమంతా తిరిగి మాట్లాడమన్నారు. వెళ్తా అన్నాడు. క్లాస్ మొత్తం ‘మేమూ వస్తాం’ అంది. పాత స్కూల్ బస్సులు కొనుక్కున్నారు. దారిలో ఇంకొన్ని చేరాయి. చివరికి యాభైకి పైగా బస్సులు వరసగా హైవే మీద. ఊహించుకోండి, ఏదైనా చిన్న టౌన్ పోలీసు పొద్దున్నే టీ తాగుతూ అది చూస్తే ఎలా ఉంటుందో.

ఆ బస్సుల్లో గర్భవతులు ఉన్నారు. ఎవరూ దాని గురించి ప్లాన్ చేయలేదు. చికాగో పక్కన ఎవాన్‌స్టన్‌లో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పార్కింగ్ లాట్‌లో, గాస్కిన్ లోపల ప్రసంగం చేస్తుంటే బయట బస్సులో మొదటి బిడ్డ పుట్టింది. అక్కడ దగ్గరుండి చూసినవాళ్లలో ఐనా మే అని ఒకావిడ ఉంది. ఇంగ్లిష్ లిటరేచర్ చదివింది, పీస్ కోర్ తరఫున మలేషియాలో టీచర్‌గా పనిచేసింది. ప్రసవాల గురించి ఆవిడకి ఏమీ తెలియదు. మనవాళ్లు అంటారు కదా, మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అని. ఆవిడ పట్టింది. దారిలో ఒక డాక్టరు వీళ్ల సంగతి తెలిసి, ఆవిడని కూర్చోబెట్టి ఎమర్జెన్సీలో కాన్పు ఎలా చేయాలో నేర్పి, సామాన్లు కూడా ఇచ్చాడు. ఆ ప్రయాణంలోనే ఐనా మేకి నెలలు నిండకుండా సొంత బిడ్డ పుట్టి, ఒక రోజైనా బతకకుండా పోయాడు. ఆ తర్వాత కూడా ఆవిడ మానలేదు. ఈ కథలో హీరో ఎవరంటే నాకు ఈవిడే. గాస్కిన్ కాదు.

1971లో టెనెసీలో ఎకరం 70 డాలర్ల చొప్పున వెయ్యి ఎకరాలకి కొంచెం పైగా కొన్నారు. తర్వాత పక్కనే ఇంకొంత కలిసి మొత్తం 1,750 ఎకరాల దాకా అయింది. ముందు బస్సుల్లో, మిలిటరీ గుడారాల్లో ఉన్నారు. మూడొందల మంది సిటీ పిల్లలు, వ్యవసాయం తెలియదు. హెపటైటిస్ పాకింది. ఒక చలికాలం సరుకులు లేక గోధుమ గింజలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఆ ఏడాదిని ఊళ్లో ఇప్పటికీ ఆ గోధుమల పేరుతోనే చెప్పుకుంటారు. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. సోయాబీన్ పండించి, దాంట్లోంచే పాలు, పెరుగు, చివరికి ఐస్‌క్రీమ్ కూడా తీశారు. పాత పరికరాలు ఏరుకొచ్చి సొంత టెలిఫోన్ సిస్టమ్ పెట్టుకున్నారు, దాని పేరు బీట్నిక్ బెల్. ఇంజినీర్‌గా నాకు ఆ పేరు వింటేనే మనసు నిండిపోయింది.

ఇప్పుడు సెక్స్ విషయానికొద్దాం. హిప్పీల ఊరంటే ఎవరు ఎవరితోనైనా అనుకుంటారు. ద ఫార్మ్‌లో రూల్ పూర్తిగా రివర్స్. ఇద్దరు కలిసి పడుకుంటున్నారంటే నిశ్చితార్థం అయినట్టు. గర్భం వస్తే పెళ్లి అయినట్టు. అంతే. గాస్కిన్‌కి పెళ్లిళ్లు చేసే హక్కు ఉండేది, చేసేసేవాడు. హైట్ పేటలో బిడ్డలతో ఒంటరిగా మిగిలిపోయిన అమ్మాయిల్ని చూసి వచ్చినవాళ్లు వీళ్లు. వినడానికి మన బామ్మ పెట్టిన రూల్‌లా ఉంది కదా?

కాకపోతే ఆ బామ్మ ఒప్పుకోనిది ఒకటుంది. మొదట్లో వీళ్లు నలుగురి పెళ్లి అని చేశారు. రెండు జంటలు కలిసి ఒకే పెళ్లి. గాస్కిన్, ఐనా మే కూడా అలాంటి దాంట్లోనే ఉన్నారు, తర్వాత అది ఆరుగురి పెళ్లి అయింది. కొన్నేళ్లలో ఇలాంటివి చాలావరకు విడిపోయాయి. ఎందుకు అని మీరు అడగక్కర్లేదు. ఇద్దరి మధ్య గొడవ వస్తే ఒక గొడవ. నలుగురిలో ఎన్ని జంటలు వస్తాయో లెక్కేయండి, ఆరు. ఆరుగురిలో పదిహేను. లెక్కలు ప్రేమకి అడ్డు రావు అనుకుంటాం, వస్తాయి.

మాత్రలు కూడా వద్దన్నారు. శరీరంలోకి కెమికల్స్ వద్దు అని. బదులుగా నెలసరి రోజుల లెక్క, టెంపరేచర్ లెక్క చూసుకునే సహజ పద్ధతి నేర్పారు, దాని మీద 1976లో వాళ్ల సొంత ప్రెస్‌లోనే ఒక పుస్తకం కూడా వేశారు. ఫలితం మీరు ఊహించగలరు. పిల్లలే పిల్లలు. 1980 నాటికి ఊళ్లో పన్నెండు వందల మందికి పైగా ఉంటే అందులో సగానికి దగ్గరగా పిల్లలు. పైగా బయటి ప్రపంచానికి ఒక మాటిచ్చారు. గర్భం వచ్చి ఏం చేయాలో తెలియని ఏ అమ్మాయైనా, అబార్షన్ చేయించుకోకుండా మా దగ్గరికి రా, కాన్పు ఉచితం, బిడ్డను నువ్వు పెంచలేకపోతే మేం పెంచుతాం, నీకు మళ్లీ ఎప్పుడు కావాలన్నా తీసుకెళ్లు అని. నిజంగానే వచ్చారు. ఇది చదివినప్పుడు నాకు రెండు అనిపించాయి. ఇంత పెద్ద మనసు ఎక్కడుంటుంది అని ఒకటి. ఈ మాట ఇచ్చేముందు ఆ ఇంట్లో గుడ్డలు ఉతికే ఆడవాళ్లని ఎవరైనా అడిగారా అని రెండోది.

ఎందుకంటే ఒక్కో ఇంట్లో నలభై, యాభై మంది. మగవాళ్లు పొలానికో, బయట ఊళ్లలో వడ్రంగం పనికో వెళ్లేవాళ్లు. వంట, పిల్లలు, ఉతుకుడు ఆడవాళ్లది. ప్రపంచాన్ని తిరగరాస్తాం అని బయల్దేరినవాళ్లు పని పంపకం మాత్రం పాతదే ఉంచుకున్నారు. మనకి ఇది అర్థం కావడానికి కష్టపడక్కర్లేదు. ఉమ్మడి కుటుంబం. సంపాదన అంతా ఒకే పెట్టెలో, తాళం పెదనాన్న దగ్గర, వంటగదిలో కోడళ్లు. పెదనాన్న స్థానంలో జుట్టు పెంచుకున్న గురువుగారు, అంతే తేడా.

కానీ ఒక చోట అధికారం చేతులు మారింది. మంత్రసానుల దగ్గర. రాత్రి రెండింటికి నొప్పులు మొదలైతే ఊళ్లో బండి, ఫోను, మనిషి, ఏది కావాలన్నా మొదట వాళ్లకే. ఐనా మే, ఆవిడతో నేర్చుకున్న ఆడవాళ్లు ప్రతి కాన్పూ రాసి పెట్టుకున్నారు. ఏం జరిగింది, ఎంత సేపు, ఏ సమస్య. మా భాషలో చెప్పాలంటే లాగ్స్ మెయింటైన్ చేశారు. దగ్గర్లోని ఒక డాక్టరు అండగా నిలబడ్డాడు, అవసరమైతే ఆస్పత్రికి పంపేవాళ్లు. 1975లో స్పిరిచువల్ మిడ్‌వైఫరీ అని పుస్తకం వేశారు. సగం కథలు, తల్లులు సొంత మాటల్లో చెప్పినవి, సగం మాన్యువల్. దేశమంతా అమ్ముడుపోయింది. వాళ్ల దగ్గర సిజేరియన్లు రెండు శాతం కంటే తక్కువ. ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న, శాకాహారం తిని ఒళ్లొంచి పనిచేసే అమ్మాయిలు కాబట్టి ఈ నంబర్‌ని నేరుగా ఏ ఆస్పత్రితోనూ పోల్చకూడదు. అయినా చిన్న విషయం కాదు. పక్కన ఉన్న ఆమిష్ వాళ్లు, అంటే కరెంటు కూడా వాడని, దేవుడంటే గట్టి భయం ఉన్న క్రైస్తవులు, వాళ్ల ఆడవాళ్ల కాన్పులకి కూడా ఈ హిప్పీ మంత్రసానుల్నే పిలిచేవాళ్లు. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

1976 ఫిబ్రవరిలో గ్వాటెమాలాలో పెద్ద భూకంపం వచ్చింది. ఫార్మ్ వడ్రంగులు వెళ్లి అక్కడే కొన్నేళ్లు ఉండి వెయ్యికి పైగా ఇళ్లు కట్టారు. వాళ్లు పెట్టిన సేవాసంస్థ పేరు ప్లెంటీ. ఊళ్లో జనం తినడానికి లెక్క చూసుకుంటున్న రోజుల్లోనే న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ఉచిత అంబులెన్స్ కూడా నడిపారు. గ్వాటెమాలాకి వెళ్లినప్పుడే ఐనా మేకి ఒక పద్ధతి తెలిసింది. బిడ్డ తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కుపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అప్పుడు తల్లిని చేతులు, మోకాళ్ల మీదకి తిప్పితే భుజం వదులవుతుంది. అక్కడి కొండప్రాంతపు మంత్రసానులకి ఇది తరాలుగా తెలుసు. 1998లో 82 కేసులతో ఒక మెడికల్ జర్నల్‌లో పేపర్ వచ్చింది. ఇప్పుడు డాక్టర్లు దాన్ని గాస్కిన్ మెనూవర్ అంటారు. గ్వాటెమాలా ముసలమ్మల పేరు మాత్రం దానికి రాలేదు, ఆ సంగతి ఐనా మేనే పదే పదే చెప్తూ వచ్చింది.

మరి ఎక్కడ తేడా కొట్టింది? గంజాయి అనుకుంటారు. అది ఉంది, వాళ్లకి అది ప్రసాదం లాంటిది, ఆ కేసులో గాస్కిన్ జైలుకి కూడా వెళ్లొచ్చాడు. 1980లో పోలీసులు హెలికాప్టర్లు వేసుకుని దిగారు కూడా. తీరా చూస్తే పుచ్చకాయ తోటలో పెరిగిన ఒట్టి కలుపు మొక్క. ఊళ్లో దాని మీద జోకులు ఇంకా నడుస్తున్నాయి. గంజాయి వాళ్లని కూల్చలేదు. అప్పులు కూల్చాయి. పెద్ద ఎత్తున చేసిన వ్యవసాయం నష్టం తెచ్చింది. ఎనభైల మొదట్లో వడ్డీలు ఆకాశాన్ని అంటాయి. ఆస్పత్రి బిల్లులు పెరిగాయి. బయటికెళ్లి సంపాదించే వడ్రంగి ఒకడైతే, ఆ సంపాదన మీద తినేవాళ్లు పది మంది. మా పిల్లలకి చెప్పులు లేవు, మనం మాత్రం ప్రపంచాన్ని ఉద్ధరిస్తున్నాం అని తల్లులు అడగడం మొదలుపెట్టారు. నేను పైన అడిగిన ప్రశ్నే. దానికి గురువుగారి దగ్గర సమాధానం లేదు.

1983లో మార్చేశారు. దాన్ని వాళ్లు చేంజోవర్ అంటారు. ఇక ఎవరి సంపాదన వాళ్లది, ఎవరి ఖర్చు వాళ్లది, ఊరికి మాత్రం నెలనెలా చందా కట్టాలి. భూమి ఉమ్మడిగానే ఉంటుంది. ఒక్క దెబ్బకి వందల మంది వెళ్లిపోవాల్సి వచ్చింది. ఈ భాగాన్ని సినిమా తీస్తే ఎవరూ చూడరు, కానీ నాకు అన్నిటికంటే ఇదే కష్టంగా అనిపించింది. ముప్పై ఐదేళ్ల వయసు, నలుగురు పిల్లలు, పన్నెండేళ్లు ఒళ్లు వంచి పనిచేశారు, బ్యాంకులో ఒక్క డాలర్ లేదు, వచ్చినప్పుడు ఇచ్చిన తాతలిచ్చిన ఆస్తి వెనక్కి రాదు. ఎవరినీ తిట్టలేరు, ఎందుకంటే ఎవరూ మోసం చేయలేదు. డబ్బెవరూ తినలేదు. గాస్కిన్ కూడా అదే బీదరికంలో ఉన్నాడు, 2014లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

వెళ్లిపోయినవాళ్లలో ముగ్గురి గురించి చెప్పి ముగిస్తా, ఎందుకంటే అది మనకి తగులుతుంది. 1985లో కాలిఫోర్నియాలో ద వెల్ అని ఒకటి మొదలైంది. మోడెమ్‌తో ఫోన్ లైన్ మీద కనెక్ట్ అయి జనం చర్చలు పెట్టుకునే సిస్టమ్. వెబ్ అప్పటికి పుట్టలేదు. పెట్టింది ఇద్దరు. ఒకరు స్టువర్ట్ బ్రాండ్, కమ్యూన్లకి పనిముట్ల కేటలాగ్ వేసినాయన. ఇంకొకరు లారీ బ్రిలియంట్, హిమాలయాల్లో నీమ్ కరోలీ బాబా ఆశ్రమంలో ఉండి, ఆ తర్వాత మన దేశంలోనే మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టరు. దాన్ని నడపడానికి మనుషులు కావాలి. మొదటి డైరెక్టర్‌గా మాథ్యూ మెక్‌క్లూర్, తర్వాత క్లిఫ్ ఫిగాలో, జాన్ కోట్. ముగ్గురూ ద ఫార్మ్ నుంచి వచ్చినవాళ్లే. కంప్యూటర్ డిగ్రీలు వాళ్ల అర్హత కాదు. యాభై మంది ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి గొడవలు సర్దిన అనుభవం అర్హత. ఫార్మ్‌లో ఒకరి మీద ఒకరికి కోపం ఉంటే అందరి ముందూ కూర్చుని తేలేదాకా మాట్లాడాల్సిందే, రాత్రంతా పట్టినా సరే. స్క్రీన్ మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు ఏం చేయాలో వాళ్లకే తెలిసింది. 1993లో హోవర్డ్ రైన్‌గోల్డ్ వర్చువల్ కమ్యూనిటీ అని పుస్తకం రాశాడు, దాంట్లో ఎక్కువ భాగం ఈ వెల్ గురించే.

ఐనా మేకి 2011లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. స్వీడన్‌లో ఇస్తారు, ప్రత్యామ్నాయ నోబెల్ అంటారు. అదే అవార్డు మొట్టమొదటి ఏడాది, 1980లో, ప్లెంటీకి గాస్కిన్‌కి కలిపి ఇచ్చారు. ఊళ్లో ఇప్పుడు ఒక రెండొందల మంది దాకా ఉన్నారు. సోయా పనులు నడుస్తున్నాయి, రేడియేషన్ కొలిచే మీటర్లు తయారుచేసే కంపెనీ ఉంది. మంత్రసానుల దగ్గర కాన్పు కోసం ఊళ్లో పుట్టి పెరిగి బయటికెళ్లిన అమ్మాయిలు కొందరు మళ్లీ అక్కడికే వచ్చారు.

నెక్స్ట్ ఎపిసోడ్ కృష్ణమూర్తి, 1929. కలుద్దాం.